తొమ్మిదితో మొదలయ్యే నంబరు

"అక్కా, మేమిద్దరం విడివిడిగా ట్యాక్స్ ఫైల్ చేసుంటే కనీసం బాబుకైనా డబ్బులు వచ్చేవట కదా?"

2020 ఏప్రిల్ మూడో వారంలో ఒక రాత్రి వచ్చిన ఫోన్ అది. అడిగిన అమ్మాయి వాళ్లు న్యూజెర్సీ ఎడిసన్‌లో మా పక్క బ్లాకులోనే ఉండేవాళ్లు. నేను పగలు ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. అందుకని ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా తెలిసినవాళ్లు డబ్ల్యూ-2 కాగితాలు పట్టుకొని మా డైనింగ్ టేబుల్ దగ్గర చేరుతుంటారు. ఆ ఏడాది మార్చి నుంచి కోవిడ్ వల్ల టేబుల్ ఖాళీ. అంతా ఫోన్లోనే. కిటికీ తెరిస్తే అంబులెన్సుల మోత. ఓక్ ట్రీ రోడ్డులో చీరల దుకాణాలు, బంగారు కొట్లు షట్టర్లు దించుకున్నాయి. ఇండియా బజారుల ముందు మాత్రం జనం ఆరడుగుల దూరం పాటిస్తూ కందిపప్పు కోసం వరసలో నిలబడేవాళ్లు.

ఆ వారమే స్టిమ్యులస్ డబ్బులు బ్యాంకు ఖాతాల్లో పడడం మొదలైంది. మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టం పెద్దవాళ్లకు తలా 1,200 డాలర్లు, 17 ఏళ్ల లోపు పిల్లలకు తలా 500 ఇస్తామంది. ఒంటరిగా ఫైల్ చేసేవాళ్ల ఆదాయం 75,000, భార్యాభర్తలది 1,50,000 దాటితే సొమ్ము క్రమంగా తగ్గుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిన సంగతి. అయితే డబ్బు కావాలంటే పనిచేయడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. భార్యాభర్తలు జాయింట్‌గా ఫైల్ చేస్తే ఇద్దరికీ ఉండాలి. ఒకరికి లేకపోతే రెండోవాళ్లకూ రాదు, పిల్లలకూ రాదు. పిల్లలు ఈ దేశంలోనే పుట్టినా సరే.

ఆ అమ్మాయి భర్త హెచ్-1 వీసా మీద పనిచేస్తున్నాడు. ఆమెది ఆయన మీద ఆధారపడిన హెచ్-4. పెద్దపాప విజయవాడలో పుట్టింది, తనదీ హెచ్-4. బాబు ఇక్కడే పుట్టాడు. ఆయనకూ బాబుకూ సోషల్ ఉంది. ఆమెకూ పాపకూ ఉన్నవి ఐటిన్‌లు. పని చేసే అనుమతి లేనివాళ్లు కూడా పన్ను లెక్కల్లో కనబడాలని ఇక్కడి ప్రభుత్వం 1996 నుంచి ఇస్తున్న తొమ్మిదంకెల నంబరు అది. మొదటి అంకె తొమ్మిదే.

ఆ నంబర్లు ఎలా వచ్చాయో నాకు బాగా గుర్తుంది. ఫారాలు నింపింది మా టేబుల్ మీదే. ట్యాక్స్ రిటర్నుతో కలిపి అసలు పాస్‌పోర్టులు టెక్సస్‌లోని ఆస్టిన్‌కు పోస్టు చేయాలన్నప్పుడు ఆ అమ్మాయి రెండు పాస్‌పోర్టులనూ కవర్లో పెట్టి, మళ్లీ తీసి, వీసా పేజీలకు ఫోన్‌తో ఫోటోలు తీసుకొని, మళ్లీ పెట్టింది. కవరు అంటించాక దాని మీద అరచెయ్యి ఉంచి కాసేపు అలాగే కూర్చుంది. పరాయి దేశంలో మనిషికి పాస్‌పోర్టే ఒంటి మీది బట్ట. దాన్ని ఎవరో తెలియని గుమాస్తా చేతికి పంపించి, తిరిగొచ్చేదాకా ఆమె రోజూ మెయిల్‌బాక్సు దగ్గరికి వెళ్లొచ్చేది. అంత ఆదుర్దా పడి తెచ్చుకున్న నంబరు అది. పన్ను చట్టానికి లోబడి, భర్తతో కలిసి నిజాయితీగా లెక్క చెప్పడానికి తెచ్చుకున్నది.

ఇప్పుడా నంబరే అడ్డొచ్చింది.

అప్పటికి భర్త ప్రాజెక్టు ఆగిపోయింది. కన్సల్టెన్సీ వాళ్లు బెంచ్ జీతం మాట ఎత్తడం లేదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి చూసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. వెళ్దామన్నా విమానాలు లేవు. ఇంటద్దె మే ఒకటో తేదీకి కట్టాలి.

ఆమె ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. ఆ ఏడాది గడువు జూలై 15కు పొడిగించారు కనుక విడిగా ఫైల్ చేసే దారి ఇంకా మూసుకుపోలేదు. ఆ రాత్రే కూర్చొని లెక్క వేశాను. ఆయన జీతం ఏడాదికి 85,000. కలిపి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 24,400 డాలర్లు. విడిగా అయితే 12,200. విడిగా వేస్తే ఆదాయంలో చాలా భాగం 22 శాతం స్లాబులోకి వెళ్తుంది. అదనంగా కట్టాల్సిన పన్ను దాదాపు 5,000 డాలర్లు. విడిగా వేస్తే ఆయన జీతం 75,000 గీత కూడా దాటుతుంది కాబట్టి, రావలసిన 1,700లో 500 కోత పడి చేతికొచ్చేది 1,200. పన్నెండు వందల కోసం ఐదు వేలు పోగొట్టుకోవడం. మర్నాడు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమె అంతా విని, "అంటే ఎటు చూసినా నా వల్లే కదక్కా" అంది.

నేను లెక్క చెప్పాను. ఆమె విన్నది వేరు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. చట్టంలో ఆమె పేరు లేదు. హెచ్-4 అన్న మాట కూడా లేదు. ఎక్కడో వాషింగ్టన్‌లో ఎవరో రాసిన ఒక షరతు, సెనేట్‌లో 96-0 ఓట్లతో నెగ్గిన ఒక పెద్ద చట్టంలో నాలుగు వాక్యాలు, ఎడిసన్‌లో ఒక రెండు గదుల ఇంట్లోకి వచ్చేసరికి ఒక భార్య తన మీద తానే మోపుకున్న నేరంగా ఎలా మారింది? ఆమె ఎంసీఏ చదివింది. పెళ్లికి ముందు విజయవాడలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పింది. ఇక్కడ పని చేయవద్దన్నది ప్రభుత్వం. పని చేయవద్దన్నందువల్ల సోషల్ ఇవ్వలేదు. సోషల్ లేనందువల్ల సాయం లేదు. ఈ మూడు వాక్యాల్లో ఆమె చేసినదేదీ లేదు. అయినా ముగింపులో నిలబడింది ఆమె ఒక్కతే. "ఆయన ఏమీ అనలేదక్కా, పాపం" అని కూడా అంది. ఏమీ అనకపోవడాన్ని చెప్పుకోవాల్సి వచ్చిందంటే ఆ ఇంట్లో ఎంత బరువు పేరుకుందో ఊహించగలం.

షరతు పెట్టినవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించి చూశాను. కోట్లమందికి కొద్ది వారాల్లో డబ్బు చేరాలి. ఎవరు అర్హులో మనిషి మనిషినీ అడిగే వ్యవధి లేదు. కంప్యూటర్ చూడగానే తేల్చుకోగల గుర్తు ఏదో ఒకటి కావాలి, సోషల్ నంబరు అలాంటి గుర్తు. పైగా అది కొత్తగా పుట్టినదీ కాదు. 2008 మాంద్యంలో బుష్ ప్రభుత్వం పంచిన రిబేటుకు కూడా ఇదే షరతు ఉండేది. ఈ కారణాలన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక మినహాయింపు దగ్గర నా ఒప్పుదల ఆగిపోయింది. భార్యాభర్తల్లో ఒకరు సైన్యంలో ఉంటే, ఒక్కరికి సోషల్ ఉన్నా చాలునట. అంటే ఇలాంటి జంటలు ఉంటాయని చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఒక నంబరు ఉన్న మనిషి, లేని మనిషి ఒకే కంచంలో తింటారని తెలుసు. తెలిసి, సైనికుడి ఇంటికి తలుపు తీసి, మిగతా ఇళ్లకు మూశారు.

అదే నెలలో మా చుట్టుపక్కల దీనికి సరిగ్గా తలకిందులైన సంగతి ఒకటి జరిగింది. ఒక స్నేహితురాలి ఇంట్లో బేస్‌మెంట్ గది అద్దెకు తీసుకున్న వరంగల్ కుర్రాడు, ఎం.ఎస్. విద్యార్థి, ఖాతాలో 1,200 డాలర్లు పడ్డాయని కంగారుగా ఫోన్ చేశాడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లను మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను చట్టం నాన్-రెసిడెంట్లుగానే చూస్తుంది. వాళ్లు వేయాల్సింది 1040-ఎన్ఆర్. చాలామంది పిల్లలు అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌లో రిటర్ను వేసేస్తే అది మామూలు 1040 అయి కూర్చుంటుంది. సోషల్ నంబరు ఉంది, ఫారం పౌరులు వేసేదే, ఆదాయం తక్కువ. కంప్యూటర్ డబ్బు పంపేసింది. అతనికి అర్హత లేదు. తిరిగి పంపాలంటే యూఎస్ ట్రెజరీ పేరిట చెక్కు రాసి, దాని మీద 2020ఈఐపీ అని వేసి, నంబరు రాసి పోస్టు చేయాలి. రిటర్ను సవరించుకోవాలి.

"అది పంపేస్తే ఈ నెల అద్దెకు లేవు ఆంటీ" అన్నాడు. క్యాంపస్‌లో క్యాఫెటీరియా ఉద్యోగం మార్చిలోనే పోయింది. వాళ్ల నాన్న మిర్చి పంట మీద అప్పు తెచ్చి మొదటి సెమిస్టర్ ఫీజు కట్టాడు. అయినా చెక్కు పంపించాడు. రేపు హెచ్-1కో గ్రీన్ కార్డుకో పెట్టుకున్నప్పుడు ఈ 1,200 ఎక్కడ బయటపడుతుందోనన్న భయం ఆకలి కన్నా పెద్దది. ఆ చెక్కు ఫోటో తీసి నాకు పంపాడు. అంకెలూ అక్షరాలూ పరీక్ష పేపర్ మీద రాసినంత శ్రద్ధగా ఉన్నాయి.

అవసరం ఉన్నచోట అర్హత లేదు, అర్హత లేనిచోటికి డబ్బు వచ్చి వెనక్కి పోయింది. మా ఇంట్లో మాకు అర్హత ఉంది. మాకు అవసరం అంతగా లేకపోయినా సొమ్ము వచ్చింది. అధ్యక్షుడి సంతకంతో ఉత్తరమూ వచ్చింది. ఆ ఉత్తరం అందుకున్న రోజు సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియని ఒక ఇబ్బంది కలిగింది. దాన్ని ఇక్కడ రాయకుండా దాటేస్తే నిజం చెప్పినట్టు కాదు.

ఆ నెలల్లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాక్యం పదే పదే వినబడేది: "మనం లీగల్‌గా వచ్చాం, లక్షల్లో ట్యాక్సులు కడుతున్నాం, మనల్ని కూడా వాళ్లతో కలిపేశారు." ఈ వాక్యంలో న్యాయమైన బాధ ఉంది. హెచ్-1 మీద ఉన్నవాడి జీతంలోంచి ప్రతి నెలా సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోసుకుంటారు. పదేళ్లు నిండక ముందే ఇండియాకు తిరిగి వెళ్లిపోతే ఆ పింఛను దక్కదు, రెండు దేశాల మధ్య దానికి ఒప్పందం కూడా లేదు. ఇంత కట్టి ఆపత్కాలంలో చెయ్యి చాస్తే నంబరు సరిపోలేదనడం ఎవరికైనా నొప్పే. నేను ఆ నొప్పిని కాదనను. కానీ 'వాళ్లతో' అన్న ఆ ఒక్క మాట దగ్గర నా మనసు ఆగేది. ఎవరు వాళ్లు?

జవాబు ఒక రెస్టారెంటు వెనక తలుపు దగ్గర దొరికింది.

మే నెలలో, మేం అప్పుడప్పుడు టిఫిన్లు తెచ్చుకునే తెలుగు రెస్టారెంటు యజమాని ఫోన్ చేసి, "మా వంట మనిషి భార్యకు స్టిమ్యులస్ రాలేదట, కాస్త కాగితాలు చూస్తారా" అని అడిగారు. ఆ వంట మనిషి గ్వాటెమాలా నుంచి వచ్చినవాడు. న్యూజెర్సీలో మనం తినే మంచి పెసరట్లు ఎవరు పోస్తున్నారో చాలామందికి తెలిసే ఉంటుంది. అల్లం, జీలకర్ర ఎంత వేయాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితాలు లేని మనిషి. అతని భార్య న్యూ బ్రన్స్‌విక్‌లో పుట్టిన అమెరికన్ పౌరురాలు. ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. టేకౌట్ మాత్రమే నడుస్తున్న రోజులు. వెనక తలుపు బయట, మామిడి గుజ్జు డబ్బాల అట్టపెట్టె బోర్లించి దాని మీద ఆమె ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ తెరిచింది. ఏడేళ్ల రిటర్నులు, సంవత్సరాల వారీగా, పసుపు చీటీలు అంటించి. ప్రతి దాని మీదా ఇద్దరి సంతకాలు. భర్త పేరు పక్కన తొమ్మిదితో మొదలయ్యే నంబరు.

మాస్కుల వెనక నుంచి మాట్లాడుకున్నాం. వాళ్లది కూడా జాయింట్ ఫైలింగే. ఆమెకు 1,200, పిల్లలిద్దరికీ వెయ్యి, మొత్తం 2,200 రావలసింది. సున్నా వచ్చింది. ఆమె ఈ దేశపు పౌరురాలు. పుట్టినప్పటి నుంచీ. పెళ్లి చేసుకున్న మనిషికి నంబరు లేదు కనుక ఆమె తన దేశం లెక్కలో లేకుండా పోయింది. నా భర్తే కారణం అంటావా అని ఎవరైనా అడిగితే ఆమె ఏమనేదో నాకు తెలియదు. నాతో మాత్రం అంది: "మేం కోర్టుకు వెళ్తున్న వాళ్లతో మాట్లాడుతున్నాం."

ఆ వాక్యం విన్నప్పుడు పక్క బ్లాకులోని ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఒకే చట్టం, ఒకే షరతు, ఒకే రకం నంబరు. ఒకామె దాన్ని తన తప్పుగా తీసుకుంది. ఇంకొకామె దాన్ని తనకు జరిగిన అన్యాయంగా చూసింది. ఈ తేడా స్వభావంలో ఉందా? నేను అలా అనుకోను. వంట మనిషి భార్య తన చుట్టూ తనలాంటి వాళ్లను చూస్తోంది. చర్చి హాల్లో, పిల్లల స్కూల్ దగ్గర, లాండ్రీలో. మన అమ్మాయి చుట్టూ ఉన్నవాళ్లంతా ఎవరి వీసా కష్టం వాళ్లు తలుపులు మూసుకొని పడుతున్నవాళ్లు. మనకు సాయం అడగడమే నామోషీ. ఆ ఏడాది ఫిబ్రవరి 24 నుంచి పబ్లిక్ చార్జ్ నిబంధన కొత్త రూపంలో అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకు ముప్పు అన్న భయం పట్టుకుంది. స్టిమ్యులస్ సొమ్ము పన్ను రాయితీ కిందికి వస్తుంది, దానికీ ఆ నిబంధనకూ సంబంధం లేదు అని చెప్పినా, అర్హత ఉన్నవాళ్లు కూడా కొందరు ఖాతాలో పడ్డ డబ్బును నెలల తరబడి ముట్టుకోలేదు.

ఇలాంటి గీతలు అమెరికా ఒక్కటే గీస్తుందనుకోకూడదు. ఆ మార్చిలోనే తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్నవాళ్లకు తలా 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. కార్డు సొంత ఊళ్లో ఉండిపోయిన ఒడిశా, బిహార్, జార్ఖండ్ కూలీల మాటేమిటన్న ప్రశ్న వెంటనే వచ్చింది. వాళ్లకు కూడా 12 కిలోల బియ్యమో పిండో, 500 రూపాయలు ఇస్తామన్నారు. కూకట్‌పల్లిలో ఉండే మా తమ్ముడు వీడియో కాల్‌లో తమ వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంటు చూపించాడు. పిల్లర్ల మధ్య టార్పాలిన్ల కింద కుటుంబాలు. పేర్లు రాసుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు సగం మంది బయటికి రాలేదట, రాసుకుంటే ఏమవుతుందోనని. వేల మైళ్ల దూరంలో, వేరే భాషలో, అదే భయం. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో రేషన్ తీసుకునే ప్రయోగం మొదలైందని అప్పటికే చదివాను. కానీ ఆ కూలీల విషయంలో ఆకలి మనిషితో పాటు రాష్ట్రం దాటింది, అర్హత అప్పటికి దాటలేదు. మనం అక్కడ సొంతవాళ్లం, ఇక్కడ వలసవాళ్లం. రెండు వైపులా నిలబడి చూసే అవకాశం మనకున్నంతగా అందరికీ ఉండదు. ఆ చూపును మనం ఎంతవరకు వాడుకున్నాం?

ఇక కోర్టు సంగతి. ఏప్రిల్ చివరలోనే మాల్డెఫ్ అనే పౌరహక్కుల న్యాయ సంస్థ, మెక్సికన్ అమెరికన్ల కోసం ఏళ్ల కిందట పుట్టినది, మేరీలాండ్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. వలసవాళ్లను పెళ్లి చేసుకున్న పాపానికి పౌరులను పక్కన పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధమని వాదన. పౌరులైన పిల్లల తరఫున మరో దావా పడింది. ఊళ్లలో సభలు జరిగాయి, సెనేటర్లకు ఉత్తరాలు వెళ్లాయి. ఆ ఉత్తరాల మీద సంతకాల్లో ఎక్కువ పేర్లు స్పానిష్ పేర్లు.

2020 డిసెంబర్ 27న రెండో సాయం చట్టం మీద సంతకమైంది. తలా 600. అందులో పాత షరతును సడలించారు, అదీ వెనకటి తేదీ నుంచి. జాయింట్ రిటర్నులో ఒక్కరికి సోషల్ ఉన్నా ఆ ఒక్కరికీ, సోషల్ ఉన్న పిల్లలకూ రావలసింది వస్తుంది. మార్చిలో పోయినదాన్ని 2020 రిటర్నులో లైన్ 30 దగ్గర అడగవచ్చు.

2021 ఫిబ్రవరిలో ఆ లైన్ 30 నింపుతూ కూర్చున్నప్పుడు, పక్క బ్లాకు అమ్మాయి వాళ్లకు మొదటి విడతలో భర్తకు 1,200, బాబుకు 500, రెండో విడతలో ఇద్దరికీ కలిపి 1,200, మొత్తం 2,900 డాలర్లు తేలాయి. వీడియోలో స్క్రీన్ చూపించి చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. వెంటనే "మనవాళ్లు ఎవరో గట్టిగా పోరాడినట్టున్నారు అక్కా" అంది.

ఎవరో చెప్పాను. పెసరట్లు పోసే మనిషి భార్య గురించి, అట్టపెట్టె మీద ఫోల్డర్ గురించి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ వివరించలేదు. ఆ చట్టం మొదట గురిపెట్టింది కాగితాలు లేని మనుషుల మీద. ఆ దెబ్బ మనకూ తగిలింది. మనం గురి వాళ్ల మీద కదా, మనకెందుకు తగిలిందని ఫిర్యాదు చేశాం. వాళ్లు, వాళ్లను ప్రేమించినవాళ్లు, అసలు గురి పెట్టడమెందుకని అడిగారు. తలుపు తెరుచుకున్నది రెండో ప్రశ్నకు. లోపలికి మనమూ వెళ్లాం. అప్పటిదాకా నేను అర్హతను ఒక మనిషికీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారంగానే చూశాను, బహుశా లెక్కలు చూసే వృత్తి వల్ల. ఫలానా నంబరు ఉందా, ఫలానా ఆదాయం ఉందా, అంతే. అర్హతకు సరిహద్దులు ఉంటాయనీ, వాటిని జరిపేది మనుషుల గుంపులేననీ, ఆ గుంపులో మనం ఉన్నామా లేదా అన్నదానికి ఫారంలో గడి ఉండదనీ నాకు తెలిసింది ఆ ఫిబ్రవరిలోనే.

న్యూయార్క్ నగరంలో ఏ సాయానికీ నోచుకోని కార్మికులు 2021 వసంతంలో 23 రోజులు నిరాహార దీక్ష చేశారు. ఇళ్లు శుభ్రం చేసేవాళ్లు, కూలీలు, వంటవాళ్లు. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రం 210 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటు చేసింది. ఆధారాలు పూర్తిగా చూపగలిగినవాళ్లకు 15,600 డాలర్ల దాకా అందింది. ఆ వార్త మా గ్రూపుల్లో ఎవరూ పంపుకోలేదు. తెలిస్తే పంపేవాళ్లేనేమో. తెలుసుకునే దారిలో మనం నిలబడడం లేదు, అంతే.

2021 మార్చి 11న మూడో సాయం వచ్చింది. తలా 1,400. ఈసారి తల్లిదండ్రులిద్దరికీ సోషల్ లేకపోయినా, ఉన్న పిల్లలకు వస్తుంది. ఎంత దూరం వచ్చింది ఆ గీత, ఒక్క ఏడాదిలో! కానీ పక్క బ్లాకు ఇంట్లో ఆ గీత ఇద్దరు పిల్లల మధ్య నుంచి పోయింది. బాబుకు 1,400. వాళ్లక్కకు ఏమీ లేదు. మూడు విడతల్లోనూ ఆ పాపకు ఏమీ లేదు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే ల్యాప్‌టాప్ మీద వంతులేసుకొని ఆన్‌లైన్ క్లాసులు వింటున్న రోజులవి. పిల్లకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. కానీ తల్లికి తెలుసు. వచ్చిన డబ్బుతో ఆమె చేసిన మొదటి పని పెద్దదానికి ఇంకో ల్యాప్‌టాప్ కొనడం. తమ్ముడి పేరున వచ్చిన సొమ్ముతో అక్కకు కొన్నానని నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో ఏ కొంచెం బాధా లేదు. ఇల్లు తన న్యాయం తాను చేసుకుంది.

తర్వాత భర్తకు గ్రీన్ కార్డు దారిలో ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయింది. దాంతో ఆమెకు పని అనుమతి, ఈఏడీ, వచ్చి, సోషల్ వచ్చి, ఇప్పుడు ఒక స్కూల్ డిస్ట్రిక్టులో పనిచేస్తోంది. పాపకు మాత్రం ఇప్పటికీ ఐటిన్. గ్రీన్ కార్డు వరసలో వాళ్ల నాన్న వంతు ఎన్నేళ్లకు వస్తుందో లెక్క వేయడం నా వల్ల కాదు. ఆలోగా పాపకు 21 నిండితే హెచ్-4 పోతుంది. ఆపైన ఈ దేశంలో ఉండడానికి స్టూడెంట్ వీసానో మరొకటో వెతుక్కోవాలి. తమ్ముడికి ఆ వెతుకులాట లేదు. ఇలాంటి పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, అందులో మన ఇళ్ల పిల్లలు తక్కువేమీ కాదు.

మొన్న ట్యాక్స్ సీజన్‌లో ఆమె మా టేబుల్ దగ్గర కూర్చొని, కాగితాలన్నీ సర్దుకున్నాక అడిగింది. "అక్కా, పాప విషయం మనం కూడా గట్టిగా అడగాలంటే ఎవరితో కలవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?"

నాకు తెలిసిన పేర్లు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసిచ్చాను. ఇద్దరు లాయర్లు, వయసు మీరిపోతున్న ఈ పిల్లల కోసం పనిచేస్తున్న ఒక యువ బృందం. అన్నిటికంటే పైన రాసింది న్యూ బ్రన్స్‌విక్‌లో పుట్టిన ఆవిడ నంబరు. ఆవిడకు మన వీసాల సంగతి ఏమీ తెలియదు. సభకు హాలు ఎలా సంపాదించాలో, సెనేటర్ ఆఫీసులో ఎవరితో మాట్లాడితే పని జరుగుతుందో, భయపడి రానివాళ్లను ఇంటికెళ్లి ఎలా పిలుచుకురావాలో తెలుసు. ఆ వారాంతంలోనే ఇద్దరూ కలుసుకున్నారు.